జోడు కడియం

తుపాకులు అమ్ముడవుతున్నాయి, తూటాలు అమ్ముడవడం లేదు. ఈ సంగతి అంతుపట్టక మా సీఐ గారు ఒకరోజు పొద్దున్నే నా దుకాణానికి వచ్చి, రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు.

"ఏం దస్తగిరీ, రెండేళ్లలో నాలుగొందల పన్నెండు తుపాకులు అమ్మినావు. తూటాలు కొన్నోళ్లు యాభై మంది గూడ లేరు. మిగతావోళ్లు తుపాకిలో ఏం పెట్టి కాలుస్తాండారు? శనగలా?"

"కాల్చడం లేదేమో సార్."

"కాల్చనోడికి తుపాకి ఏంటికి?"

నాకు జవాబు తెలుసు, కానీ చెప్పలేదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆయన. నాలుగిళ్లు తిరిగితే ఆయనకే తెలుస్తుంది.

నన్నూ జీపులో ఎక్కించుకుని కర్నూలంతా తిప్పారు. ఒక ఇంట్లో తుపాకి గోడకు అడ్డంగా కట్టి ఉంది, దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది. ఇంకో ఇంట్లో అటక మీద ఊరగాయ జాడీల వెనక ఉంది. మూడో ఇంట్లో ఒక రిటైరైన టీచరమ్మ మాకు టీ ఇచ్చి, తుపాకి ఎక్కడ పెట్టిందో గుర్తు చేసుకోవడానికి పావుగంట తీసుకుంది. కానీ ప్రతి ఇంట్లోనూ ఎడమచేతి మణికట్టుకు నల్లటి కడియం ఉంది. టీ గ్లాసు అందిస్తున్నప్పుడు కూడా ఆవిడ రెండో చేత్తో దాన్ని తడుముకుంటూనే ఉంది.

తిరిగొస్తూ సీఐ, "అన్ని ఇండ్లల్లోనూ ఒక్కొక్కరే ఉండారు, చూసినావా?" అన్నారు.

"చూసినా సార్."

*

మాది మూడు తరాల తుపాకుల దుకాణం. మా నాయన ఒక మాట అనేవాడు: తుపాకి కొనేవాడు తుపాకిని చూసి కొనడు, చట్టంలో దాని వరసను చూసి కొంటాడు. ఆయన కాలంలో కొన్ని కొలతల గొట్టాలు పోలీసులకూ సైన్యానికీ మాత్రమే. అందుకని జనం ఆ పక్క కొలత కొనేవాళ్లు. అది బాగా పేలుతుందని కాదు, దానికి లైసెన్సు వస్తుందని. ఏ తుపాకి మంచిదని అడిగినవాణ్ణి నా జన్మలో పదిమందిని చూసి ఉండను. ఏది తొందరగా చేతికొస్తుందని అడిగినవాళ్లే అందరూ.

నేను ఆ దుకాణం వదిలేసి హైదరాబాదులో ఒక ఆయుధాల ప్రయోగశాలలో పనికి చేరాను. పేరు ఎందుకులెండి. అక్కడ పద్దెనిమిదేళ్లు తాళాలు చేశాను. తలుపులకు కాదు, తుపాకులకు. ఆ పిచ్చి నాకు మా తమ్ముడు కాశీం వల్ల పట్టింది. బోరుబావి దగ్గర మా చిన్నాన్న కొడుకుతో మాటామాటా పెరిగి, కాశీం దుకాణంలోకి పరుగెత్తుకొచ్చి తుపాకి తీసుకెళ్లి కాల్చేశాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వాడు చచ్చాడు, వీడు జైల్లో నాలుగేళ్లకు చచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆ తుపాకి పేలేముందు ఎవరినైనా ఒక్కమాట అడిగి ఉంటే ఇద్దరూ బతికేవాళ్లు. నేను చేసిన తాళం అంతా ఈ ఒక్క ఆలోచనే.

కోపం ఒకడికి వస్తుంది. వేరే ఊళ్లో తన పని తాను చేసుకుంటున్న ఇంకొకడికి అదే క్షణంలో రాదు. కాబట్టి తుపాకికి రెండు కడియాలు. ఒకటి పట్టుకున్నవాడికి, ఒకటి అతని జోడుకి. తుపాకి భుజానికెత్తగానే జోడు చేతికున్న కడియం కాస్త బిగుసుకుంటుంది. జోడు నాడి నిలకడగా ఉండి, అతను కడియం మీద బొటనవేలు నొక్కితేనే తాళం వీడుతుంది. నాడి పరుగెడుతుంటే ఎంత నొక్కినా వీడదు. ఎంత దూరంలో ఉన్నా ఫోన్ల లాగే పనిచేస్తుంది. జోడు మాత్రం ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఒకే కప్పు కింద కోపం అంటువ్యాధి.

అవతల జోడు ఉన్నాడా, కడియం తీసి గూట్లో పెట్టాడా, కాల్చేవాడికి తెలియాలి కదా? మొదట చిన్న దీపం పెట్టాను. వేరుశనగ చేలో పరీక్షకు వెళ్తే ఆ వెలుగుకే అడవిపందులు పారిపోయాయి. సన్నగా కూత పెట్టాను, దానికీ పారిపోయాయి. విసుగొచ్చి, కడియం లోపలివైపు శనగగింజంత మెత్తను అమర్చాను. అవతలివాడి నాడి ఎలా కొట్టుకుంటే అది ఇవతలివాడి మణికట్టు మీద అలా తడుతుంది. చప్పుడు లేదు, వెలుగు లేదు. ఒక సాయంత్రం తీరిగ్గా చేసిన పని అది. నా పద్దెనిమిదేళ్ల కొలువులో జనానికి నిజంగా కావలసినది అదొక్కటేనని అప్పుడు నాకు తెలియదు.

చట్టం మార్చేటప్పుడు కమిటీ వాళ్లు నన్ను ఢిల్లీకి పిలిచారు. ఒక్కడే కాల్చగల తుపాకి మొదటి తరగతి. దానికి విచారణలూ సంతకాలూ కలిపి రెండేళ్లు. జోడు తాళమున్నది రెండో తరగతి. మూడు రోజుల్లో చేతికి. అందరికీ బాగానే ఉంది. చివర్లో ఒకాయన కళ్లద్దాలు సర్దుకుంటూ, "ఈ కడియం తుపాకిలో భాగమా, వేరే వస్తువా?" అని అడిగాడు.

"భాగమే సార్. తూటాను కొట్టే గుర్రం ఎలాగో ఇదీ అలాగే" అన్నాను.

విడిగా దొరికితే దొంగ కడియాలు వస్తాయి, తాళానికి విలువుండదు. ఆ కారణం అక్కడ చెప్పాను. ఇంకొకటి ఉంది, ఇప్పుడు చెప్తున్నాను: నేను చేసిన వస్తువును ఇంకెవడూ విడిగా చేసి అమ్ముకోకూడదని. ఆ ఒక్కమాటతో కడియం చట్టం దృష్టిలో ఆయుధమైంది. దాన్ని విడిగా అమ్మితే మూడేళ్ల జైలు.

ఆ తర్వాత నేను కొలువు మానేసి మా నాయన దుకాణానికి వచ్చేశాను. జనం వచ్చి, "ఆ కడియాలు మాత్రం ఇయ్యి దస్తగిరీ, తుపాకి మాకేంటికి?" అని బతిమాలేవాళ్లు. కుదరదనేవాణ్ణి. సరే, తుపాకీ కొనేవాళ్లు. జోడు దొరకనివాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాసుకుని, ఆదోనిలో ఒకరిని బళ్లారిలో ఇంకొకరితో కలిపేవాణ్ణి. ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు ఒకరి నాడిని ఒకరు చేతికి కట్టుకుని వెళ్లేవాళ్లు.

*

సుంకులమ్మ మాత్రం నిజంగా తుపాకి కోసమే వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆత్మకూరు దాటాక అడవి అంచున ఎర్రగుడిపాడు. నాలుగెకరాల మొక్కజొన్న, ఒక్కతే సేద్యం. మొగుడితో తెగతెంపులై ముప్పయ్యేళ్లు. పందులు పంటకు పడితే కాల్చుకోవచ్చని అటవీశాఖ వాళ్లిచ్చిన చీటీ కొంగుముడి విప్పి నా బల్ల మీద పెట్టింది.

"జోడు ఎవరమ్మా?"

"నాకెవరుండారు?"

"పుస్తకంలో రాసుకుంటా. వారం పది రోజుల్లో ఎవరో ఒకరు దొరుకుతారు."

"అంతలోకి పందులు చేను దున్నేస్తాయి. నువ్వే ఉండు దస్తగిరన్నా. నీకేమన్నా బరువా?"

అమ్మినవాడు జోడుగా ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదు. రాసేవాళ్లకు ఆ ఆలోచనే వచ్చి ఉండదు. నాకూ ఎవరూ లేరు. పెళ్లి మాట కాశీం పోయినప్పుడే ఆగిపోయింది, మళ్లీ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సంతకం పెట్టి కడియం తొడుక్కున్నాను.

పద్దెనిమిది నెలలు. అంతకాలంలో ఆమె పదకొండుసార్లు తుపాకి ఎత్తింది. పదకొండూ నాకు గుర్తున్నాయి. తెల్లవారుజామున కడియం బిగుసుకునేది. ఆమె నాడి దడదడా కొట్టుకునేది. నేను పక్క మీద లేచి కూర్చుని, నా నాడి నిలకడగా ఉందో లేదో చూసుకుని, బొటనవేలు నొక్కేవాణ్ణి. ఆ తర్వాత కాసేపటికి ఆమె నాడి నెమ్మదించేది. అప్పుడు నేను పొయ్యి మీద టీ పెట్టుకునేవాణ్ణి.

కానీ ఆ పదకొండు పొద్దుల గురించి కాదు నేను చెప్పేది. మిగతా రోజుల గురించి. ఆమె ఎప్పుడు నిద్ర లేచిందో తెలిసేది. ఎప్పుడు నీళ్లు మోస్తోందో, ఎప్పుడు మంచె ఎక్కి కూలబడిందో తెలిసేది. ఒకసారి పట్టపగలు నాడి ఉరికి, చాలాసేపటికి గానీ దిగలేదు. పామో, మనిషో, పాత జ్ఞాపకమో, ఏమిటో ఈనాటికీ నాకు తెలియదు. ఫోను చేసి అడగలేదు. నాలుగు మాటలు మాట్లాడేంత పరిచయం మాకు లేదు మరి. నా ఒంటి మీద ఒక మనిషి పగలూ రాత్రీ ఉన్నదన్న మాట, ఆ మనిషితో తప్ప ఎవరితో అనగలను?

ఒక వేసవిలో ఆమె నాడి తప్పడం మొదలైంది. నాలుగుసార్లు కొట్టుకుంటుంది, ఐదోది రాదు. పనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? కడియం చెడిపోయిందనుకున్నాను. ఆమెను పిలిపించి కొత్తది ఇచ్చాను. కొత్తదీ తప్పింది. నాది మార్చుకున్నాను, అయినా తప్పింది. నెల రోజులు ఆ మెత్తను విప్పి బిగించి, విప్పి బిగించి, అప్పుడు తెలుసుకున్నాను, తప్పు నా పనితనంలో లేదని. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఫోను చేశాను. "సుంకులమ్మా, ఒకసారి గుండె డాక్టరుకు చూపించుకో."

"ఏంటికి? బాగనే ఉండా కదా."

"నాడి తప్పుతాంది."

"నాది నాకు తెలీదా?" అని పెట్టేసింది.

*

అప్పుడే ఎన్నికల కోడ్ వచ్చింది.

లైసెన్సున్న ప్రతి ఆయుధమూ ఓట్ల లెక్కింపు అయిందాకా పోలీసు స్టేషన్లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. ఇది మా తాతల నాటి పద్ధతి. తుపాకులు కుప్ప పోసి చీటీలు కట్టడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. కానీ ఈసారి తుపాకితోపాటు కడియాలూ రావాలి. చట్టం దృష్టిలో అవి ఆయుధాలు కదా. ఎవరి మాట వల్ల? దస్తగిరి మాట వల్ల.

యాభై రెండు రోజులు.

తుపాకులను జనం బల్ల మీద దబ్బున పడేసి పోయారు. కడియం తీసివ్వడానికి మాత్రం చేతులు రాలేదు. టీచరమ్మ, "ఒక నిమిషం ఉండు నాయనా" అని గోడవైపు తిరిగి నిలబడింది. అవతలి మనిషికి చెప్పే దారి లేదు. చేతిని గుండెకు ఆనించుకుని, తర్వాత తీసిచ్చింది. మద్దిలేటి అని కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనాయన ఉన్నాడు. అతని జోడు బళ్లారి పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, ఎన్నడూ చూడలేదు. కడియం ఇచ్చేసి, మర్నాడే మళ్లీ వచ్చాడు.

"నీ కండ్లముందరే తొడుక్కుని ఇచ్చేస్తా. రెండు నిమిషాలు."

"నీది తొడుక్కుంటే ఏం లాభం మద్దిలేటీ? ఆమెది బళ్లారి స్టేషన్లో పెట్టెలో ఉంది."

"అవును కదా" అని నా దుకాణం ముందున్న బల్ల మీద కూర్చున్నాడు. మర్నాడు టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. పదో రోజుకు ఆ బల్ల చాల్లేదు. మాట్లాడుకునేవాళ్లు కాదు. నా స్ట్రాంగ్‌రూమ్ తలుపు వైపు చూస్తూ కూర్చుని, సాయంత్రం కాగానే ఇళ్లకు పోయేవాళ్లు.

సుంకులమ్మ కూడా తుపాకి, కడియం తెచ్చిచ్చింది. "చేను కంకి మీదుంది. ఓట్లకు పందులు ఆగుతాయా?" అని మాత్రం అంది. రశీదు కొంగున ముడేసుకుని బస్సుకు పోయింది. నా కడియం కూడా తీసి, ఆమెది పక్కన పెట్టి, తాళం వేశాను. ఎడమచెయ్యి తేలికైపోయింది. అన్నం కలుపుతుంటే, తాళం తీస్తుంటే, ఆ చెయ్యి నాది కానట్టుండేది.

మూడు వారాలకు ఫోను చేశాను. "ఏంటికి చేసినావు?" అంది. "ఊరికే" అన్నాను. ఆమె ఊపిరి వినబడింది. "పొద్దు పోతాంది, పోవల్ల" అంది. సరేనన్నాను.

మర్నాడు నేను స్ట్రాంగ్‌రూమ్ తెరిచి, మా రెండు కడియాలూ తీసి, టిఫిన్ డబ్బాలో అన్నం కింద పెట్టుకుని బస్టాండుకు వెళ్లాను. దాచడమెందుకు, దొంగతనమే. ఆత్మకూరు బస్సు దగ్గర ఎన్నికల తనిఖీ వాళ్లు సంచులన్నీ విప్పిస్తున్నారు. ఒక ముసలాయన సజ్జరొట్టెల మూట కూడా విప్పి చూశారు. నా ముందు ఆరుగురున్నారు, ఐదుగురున్నారు, నలుగురున్నారు. పట్టుబడితే నా లైసెన్సు పోతుంది, దుకాణం సీలు పడుతుంది. మరి ఆ నాలుగొందల మంది కడియాలూ కోర్టు గదిలో ఎన్నేళ్లు మగ్గుతాయో. అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. వరుసలోంచి తప్పుకుని, వెనక్కి వెళ్లి, కడియాలు మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేసి, ఖాళీ చేతులతో తర్వాతి బస్సెక్కాను.

*

ఎర్రగుడిపాడు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చేను సగం పడిపోయి ఉంది. పందులు తొక్కిన దారులు బండి బాటల్లా ఉన్నాయి. సుంకులమ్మ మంచె మీద కూర్చుని గరిటెతో పళ్లెం కొడుతోంది. నన్ను చూసి ఆపింది.

"ఏం దస్తగిరన్నా, దోవ తప్పినావా?"

"నిన్ను చూసిపోదామని."

"కడియం తెచ్చినావా?"

"తేలేదు."

"మంచిపని చేసినావు. తెచ్చింటే లోపలేస్తారు" అంది. అని, నా సంచి వైపు ఇంకోసారి చూసింది.

కళ్లు గుంటలు పడ్డాయి. రాత్రీ పగలూ పళ్లెం కొట్టే మనిషికి నిద్రెక్కడిది? మంచె దిగి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. తాగి, "చెయ్యి ఇట్లియ్యి" అన్నాను.

"చేతిలో ఏముంది, చిలక జోస్యమా?" అంది గానీ, ఇచ్చింది.

మూడు వేళ్లు మణికట్టు మీద ఆనించాను. పద్దెనిమిది నెలలుగా నాకు తెలిసిన నాడే అది. ఎక్కడ నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో నాకు కంఠతా వచ్చు. కానీ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం కడియంలో పెట్టాలని నాకెన్నడూ తోచలేదు. మూడుసార్లు కొట్టుకుని, నాలుగోది రాలేదు. వేసవిలో ఐదోది తప్పేది.

"ఎక్కువైంది సుంకులమ్మా. ఈ పొద్దే నాతో కర్నూలుకు రా. పెద్దాసుపత్రిలో చూపిద్దాం."

"చేను?"

"పోతే పోనీ."

"నువ్వంటావులే. తుపాకి నీ కాడ. నేనూ వచ్చేస్తే పందులకు ఇస్తరేసి పిలిచినట్టే. ఓట్లు లెక్కపెట్టనీ, నా తుపాకి నేను తెచ్చుకుని, కోత కోసుకుని, ఆమీట నువ్వు యాడికంటే ఆడికి వస్తా."

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేనూ వదల్లేదు. కాసేపటికి పొలం వైపు చూస్తూ తనే అంది: "మధ్యాన్నం అన్నం తిన్నాక నీది నెమ్మదిగా అయ్యేది. కునుకు తీస్తాండావని తెలిసేది. నేనూ ఈడ్నే వాలేదాన్ని. ఇప్పుడు పండుకుందామన్నా నిద్ర పట్టదు."

ఆమె నాడి నాకు తెలియడమే నేను చూసుకున్నాను గానీ, నాది ఆమెకు తెలుస్తోందని, దాన్ని ఆనుకుని ఒక మనిషి నిద్రపోతోందని, కడియం కనిపెట్టిన నాకు తట్టనే లేదు. నా బతుకు ఒకరికి పనికొచ్చిందని ఎవరూ అంతకుముందు నాతో అనలేదు. 

ఉండిపోవలసింది. మంచె మీద కూర్చుని నేనే పళ్లెం కొట్టవలసింది. కానీ రోజూ సాయంత్రం ఏడింటికి స్ట్రాంగ్‌రూమ్ తాళం సీఐకి చూపించి సంతకం పెట్టాలి. మూడున్నర బస్సుకు వచ్చేశాను. మలుపు తిరిగిందాకా పళ్లెం చప్పుడు వినబడుతూనే ఉంది.

*

ఓట్లు లెక్కపెట్టారు, ఎవరో గెలిచారు. మర్నాడు పొద్దున ఆరింటికే నా దుకాణం ముందు జనం. తుపాకుల వంక ఎవరూ చూడలేదు. కడియాలు అక్కడికక్కడే తొడుక్కుని, కళ్లు మూసుకుని నిలబడ్డారు. బళ్లారిలో కూడా ఇచ్చేసినట్టున్నారు. మద్దిలేటి ఒక్కసారిగా, "ఉండాది, ఉండాది" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టీచరమ్మ అతని వీపు తట్టింది. ఇంకా ఇద్దరి కడియాలు మాత్రం తట్టలేదు, వాళ్లు కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయారు. వాళ్లను నేను ఇంటికి పంపించలేకపోయాను.

నేనూ నా కడియం తొడుక్కున్నాను. ఆమెది ఇంకా పెట్టెలోనే ఉంది కాబట్టి నాది ఊరుకునే ఉంటుందని తెలుసు. మధ్యాహ్నం బస్సుకు వస్తుందనుకున్నాను. మర్నాడు వస్తుందనుకున్నాను. ఆమెకు ఫోను చేస్తే స్విచాఫ్ అని వచ్చింది.

మూడో రోజు వాళ్ల ఊరి వీఆర్వో వచ్చాడు. జేబులోంచి నా రశీదు తీసి బల్ల మీద పెట్టాడు. ముడతలు పడి ఉంది.

"ఆ యమ్మ పోయి పదకొండు దినాలైంది. మంచె మీదనే, మధ్యాన్నం పోయినట్టుంది. పొద్దు గూకినా పళ్లెం చప్పుడు లేదే అని పక్క చేనోళ్లు పోయి చూసినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"లైసెన్సు మీద రెండో చెయ్యి అని నీ పేరుండాది గాని, నువ్వు ఆమెకు ఏమవుతావో మాకు తెలీదు కదన్నా. సుట్టాలకు చెప్పినాం. ఎవరూ రాల్యా."

వేళ్లు మడిచి పదకొండు రోజులు వెనక్కి లెక్కపెట్టాను. ఆదివారం. మధ్యాహ్నమట. ఆ మధ్యాహ్నం నేను అన్నం తిని, దుకాణంలో బల్ల మీద ఒరిగి కునుకు తీశాను. నా నాడి నెమ్మదిగానే ఉండి ఉంటుంది. అది ఎవరికీ చేరలేదు.

జోడులో ఒకరు పోతే ఆ తుపాకి రెండో తరగతి కాదు, మొదటి తరగతికి మారిపోతుంది. తొంభై రోజుల్లో ఇంకో జోడు రాయించుకోవాలి, లేదా కడియాలతో సహా అప్పగించేయాలి. "పుస్తకం నిండా పేర్లుండాయి కదా, ఒకరిని రాసుకో దస్తగిరీ" అన్నారు సీఐ. ఆయన ఆ మాట మెత్తగానే అన్నారు. నేను రాసుకోలేదు. కాగితం తీసి చట్టం కమిటీకి ఉత్తరం రాశాను: ఫలానా రోజు మీరడిగిన ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పాను, దయచేసి మళ్లీ అడగండి అని.

*

ఎనభై మూడో రోజున హైదరాబాదుకు పిలిచారు. ఈసారి కమిటీకి పెద్ద ఒక ఆఫీసరమ్మ. నా ఉత్తరం ఆమె ముందు ఉంది. సుంకులమ్మ తుపాకి, కడియం సీలు విప్పి బల్ల మీద పెట్టారు. నాది నా చేతికే ఉంది.

"కడియాన్ని తుపాకి నుంచి విడదీస్తే మీ తుపాకులు ఎవరు కొంటారు దస్తగిరి గారూ?"

"ఎవరూ కొనరమ్మా. నా దుకాణంలో కొన్నవాళ్లలో పదిలో తొమ్మిది మంది తుపాకి కొననేలేదు. కడియం కొన్నారు. దాంతో తుపాకి అంటగట్టింది చట్టం. చట్టానికి ఆ మాట అందించింది నేను. తుపాకి కాబట్టి ఎన్నికలప్పుడు లాక్కున్నాం. లేకపోతే ఆ మనిషి నాడి తప్పడం ఆ రోజు నాకు తెలిసేది. ఎవరినో ఒకరిని పరుగెత్తించేవాణ్ణి."

"నాడి తెలియడం అంటే... అంత ఏముంటుంది దీంట్లో?" అని ఆమె సుంకులమ్మ కడియం చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పి, తన మణికట్టుకు తొడుక్కుంది.

వద్దనేలోపే తొడుక్కుంది. ఇంకొకరు తొడుక్కుంటే తాళం వీడదు, కానీ తట్టడం మాత్రం తడుతుంది. ఆమె మాట్లాడబోతున్నదల్లా ఆగిపోయింది. చెయ్యి కదిలించకుండా అలాగే ఉంచి, నా ముఖంలోకి చూసింది.

"ఇది మీదా?"

"నాదేనమ్మా."

నా చేతి మీద కూడా తడుతోంది. ఇన్నాళ్ల తర్వాత, ఆ కడియం నుంచే, అదే చోట. నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వచ్చింది. ఐదోదీ వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది. నేను ఆగలేదు, అదీ ఆగలేదు. ఇరవై దాకా లెక్కపెట్టి, ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను.

"ఏమైందండీ? బాగా పనిచేస్తోంది కదా?" అంది ఆమె కంగారుగా.

"చేస్తోందమ్మా. ఒక్కటీ తప్పడం లేదు."

ఆమెకు అర్థం కాలేదు. కడియం తీయకుండానే కలం అందుకుని, ఎదురుగా ఉన్న ఫారంలోని ప్రశ్న మెల్లగా చదివింది. కడియం తుపాకిలో భాగమా, వేరే వస్తువా?

"వేరే" అన్నాను.